వెన్ను శస్త్రచికిత్స తర్వాత కుక్క కోలుకోవడం

కుక్కలకు వెన్ను శస్త్రచికిత్స చేయాల్సి వచ్చే కారణాల్లో మొదటిది డిస్క్ జారడం. పూసల మధ్య ఉండే డిస్క్ పగిలి, లోపలి పదార్థం వెన్నుపాము మీదికి చొచ్చుకొస్తుంది. పొద్దున గేటు దాకా పరుగెత్తిన కుక్క సాయంత్రానికి వెనక కాళ్లు ఈడ్చుకుంటుంది. వాహనం గుద్ది పూసలు విరగడం, కణితులు, పెద్దజాతి కుక్కల్లో నడుము చివర నరాలు ఇరుకునపడటం మిగతా కారణాలు. శస్త్రచికిత్సతో వైద్యుడు వెన్నుపాము మీది ఒత్తిడి తీసేయగలడు, విరిగిన పూసను నిలబెట్టగలడు. నలిగిన నరాలు తేరుకోవడం, కాళ్లకు పట్టు రావడం, మూత్రం స్వాధీనంలోకి రావడం ఆ తర్వాత వారాల తరబడి ఇంట్లోనే జరుగుతాయి. ఆ వారాల్లో ఇంటిల్లిపాది చూపూ కుక్క కాళ్ల మీదే ఉంటుంది. చేతికందిన ఫలితాన్ని చెడగొట్టేవి మాత్రం చాలాసార్లు నిండిపోయిన మూత్రాశయం, తడిసి చెడిన చర్మం, తొందరపడి వదిలేయడం.

డిస్క్ ఎందుకు జారుతుంది

కుక్క వెన్నెముకలో మెడకు 7 పూసలు, ఛాతీ భాగానికి 13, నడుముకు 7 ఉంటాయి. వాటి వెనక మూడు పూసలు ఒకటిగా అతుక్కుపోయిన త్రికాస్థి, ఆ తర్వాత తోక పూసలు. మెడలోని మొదటి రెండు పూసల మధ్య, త్రికాస్థిలో తప్ప మిగతా చోట్ల పూసకూ పూసకూ నడుమ ఒక డిస్క్ ఉంటుంది. దాని వెలుపలి భాగం పీచుతో అల్లిన గట్టి వలయం, లోపలిది నీరు పట్టి ఉండే జిగురు గుజ్జు.

ఈ గుజ్జు ఎలా చెడుతుందో స్వీడన్ పశువైద్యుడు హాన్స్ యోర్గెన్ హాన్సెన్ 1952లో వివరంగా రాశాడు. ఆయన చేసిన రెండు రకాల విభజననే నేటికీ వాడుతున్నారు. మొదటి రకంలో గుజ్జు చిన్న వయసులోనే ఎండి, సున్నం పట్టి, ఒకరోజు వలయాన్ని చీల్చుకుని ఒక్కసారిగా వెన్నుపాము మీద పడుతుంది. రెండో రకంలో వలయమే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఉబ్బి నొక్కుతుంది. ఇది వయసు మళ్లిన పెద్దజాతి కుక్కల్లో ఎక్కువ.

మొదటి రకం పొట్టి కాళ్ల జాతుల జబ్బు. అందులో ముందు చెప్పాల్సింది డాషండ్ గురించి. ఈ జాతిలో జీవితకాలం మొత్తం మీద 19 నుంచి 24 శాతం కుక్కలకు డిస్క్ జబ్బు లక్షణాలు కనిపిస్తాయని అంచనా. ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, కాకర్ స్పానియల్, షిట్జు, పెకినీస్ కూడా ఈ కోవలోవే. కారణం జన్యువుల్లో ఉంది. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి 18వ క్రోమోజోమ్ మీద చేరడం వల్ల కాళ్లు పొట్టిగా పెరుగుతున్నాయని 2009లో తేలింది. అదే జన్యువు నకలు మరొకటి 12వ క్రోమోజోమ్ మీద ఉందని, డిస్కులు తొందరగా చెడిపోవడానికి అదే మూలమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు 2017లో బయటపెట్టారు. అంటే కుక్క సోఫా మీద నుంచి దూకినందుకే డిస్క్ జారిందని యజమాని తనను తాను నిందించుకోనక్కర్లేదు. ఏడాది వయసు నాటికే లోపల ఎండిపోయిన డిస్క్ ఏ చిన్న కదలికకైనా పగలవచ్చు.

ఎక్కువగా జారేది ఛాతీ పూసలు ముగిసి నడుము పూసలు మొదలయ్యే చోట. అంతకు పైన పక్కటెముకల తలలను కలుపుతూ ప్రతి డిస్క్ మీదుగా ఒక బంధనం అడ్డంగా పోతుంది, అది డిస్కుకు కాపలా కాస్తుంది. చివరి రెండు మూడు పక్కటెముకల దగ్గర ఆ కాపలా లేదు. అందుకే చాలా కుక్కల్లో ముందు కాళ్లు బాగానే ఉండి వెనక కాళ్లు మాత్రమే పడిపోతాయి.

వెనక కాళ్లు పడిపోయిన ప్రతి కుక్కకూ డిస్కే కారణమనుకోవడం పొరపాటు. మన ఊళ్లలో డిస్టెంపర్ ఇంకా ఉంది, అదీ నరాల మీద దెబ్బ తీస్తుంది. వయసైన జర్మన్ షెపర్డ్‌లో నొప్పి లేకుండా నెలల మీద కాళ్లు తడబడుతూ వస్తే అది వెన్నుపామే క్షీణించే వేరే జబ్బు కావచ్చు, దానికి శస్త్రచికిత్స లేదు. ఎంఆర్ఐ గానీ సీటీ స్కాన్ గానీ తీయకుండా కత్తి పట్టరు.

ఎంత దెబ్బతిన్నది, ఎంత ఆశ

పశువైద్యులు డిస్క్ జబ్బు తీవ్రతను ఐదు మెట్లుగా చూస్తారు. నొప్పి మాత్రమే ఉంటే మొదటి మెట్టు. తూలుతూనైనా నడిస్తే రెండోది. కాళ్లు కదులుతున్నా లేచి నడవలేకపోతే మూడోది. కదలిక పూర్తిగా పోయి, లోతు నొప్పి తెలుస్తూ ఉంటే నాలుగోది. ఆ నొప్పి కూడా తెలియకపోతే ఐదోది.

లోతు నొప్పి పరీక్షను దగ్గరగా గమనించాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. వైద్యుడు వెనక కాలి వేలి ఎముకను ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతాడు. కాలు చటుక్కున వెనక్కి ముడుచుకుంటుంది. చూస్తున్నవాళ్లు ‘తెలుస్తోంది’ అని ఊపిరి పీల్చుకుంటారు. వైద్యుడు అప్పుడు కాలిని చూడడు, కుక్క ముఖాన్ని చూస్తాడు. తల తిప్పిందా, మూలిగిందా, కరవబోయిందా, కనీసం కళ్లు పెద్దవయ్యాయా? కాలు ముడుచుకోవడం వెన్నుపాము తనంతట తాను చేసే ప్రతిచర్య. మెదడుకు కబురు చేరిందనడానికి ముఖమే సాక్ష్యం.

ఈ ఒక్క పరీక్ష మీదే ఆశ ఎంత అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. లోతు నొప్పి తెలిసే కుక్కల్లో శస్త్రచికిత్స తర్వాత 90 శాతానికి పైగా మళ్లీ నడుస్తాయి. అది తెలియని వాటిలో సుమారు 60 శాతం. ఎంత త్వరగా చేస్తే అంత మంచిదని వైద్యులందరూ అంటారు గానీ, ఇన్ని గంటలు దాటితే ఇక దండగ అని గీసిన గీతకు గట్టి ఆధారం లేదు. జిల్లా ఊరి నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో బెంగళూరుకో తీసుకెళ్లేసరికి ఒకరోజు గడిచిపోయిందని ప్రయత్నమే మానుకోవడం ఆ కుక్కకు అన్యాయం. దారిలో దాన్ని గట్టి పలక మీదో అట్టపెట్టెలోనో కదలకుండా పడుకోబెట్టాలి.

డబ్బు కుదరకనో, సౌకర్యం లేకనో శస్త్రచికిత్స చేయించలేని ఇళ్లు ఎన్నో ఉంటాయి. మొదటి రెండు మెట్లలో కనీసం 4 వారాల కట్టుదిట్టమైన విశ్రాంతి, నొప్పి మందులతోనే చాలా కుక్కలు కోలుకుంటాయి. మూడు, నాలుగు మెట్లలోనూ సగానికి పైగా తేరుకుంటాయి, కాకపోతే నెమ్మదిగా, కొన్నిసార్లు అరకొరగా. ఈ వ్యాసంలో ఇక ముందు చెప్పే సంరక్షణ అంతా వాటికీ వర్తిస్తుంది.

శస్త్రచికిత్స, ఆ తొలి రోజులు

వీపు, నడుము భాగంలో డిస్క్ జారితే చేసేది హెమీలామినెక్టమీ. పూస పైకప్పు ఎముకలో ఒక పక్క భాగాన్ని డ్రిల్‌తో తొలిచి, ఆ కిటికీలోంచి వెన్నుపాము మీద పడిన డిస్క్ పదార్థాన్ని ఏరి తీస్తారు. మెడలో అయితే గొంతు వైపు నుంచి వెళ్లి పూసల అడుగున సన్నటి గాడి చేసి తీస్తారు. జారిన డిస్కులోనూ, పక్కనున్న డిస్కుల్లోనూ మిగిలిన గుజ్జును ముందే తోడేయడం చాలామంది సర్జన్లు చేస్తారు, మళ్లీ జారే అవకాశం దానివల్ల తగ్గుతుంది.

శస్త్రచికిత్స అయిన మర్నాడు కుక్క మునుపటికంటే నీరసంగా, ఒక్కోసారి కాళ్ల కదలిక కాస్త తగ్గి కనిపించవచ్చు. వెన్నుపామును ముట్టుకున్నందువల్ల వచ్చే వాపు అది, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉంచి ఓపియాయిడ్ మందులతో నొప్పి అదుపు చేస్తారు, ఆ తర్వాత మెలాక్సికామ్ లేదా కార్‌ప్రొఫెన్, గబాపెంటిన్ మాత్రలతో ఇంటికి పంపిస్తారు. కుట్లు 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. అందాకా గాయాన్ని నాకకుండా మెడకు గరాటు పట్టీ ఉండాలి, స్నానం చేయించకూడదు.

స్టెరాయిడ్ల సంగతి ఒకటి చెప్పాలి. వెన్నుపాము దెబ్బకు ఎక్కువ మోతాదు మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఇవ్వడం ఏళ్ల తరబడి ఆనవాయితీగా సాగింది. లోతు నొప్పి తెలియని కుక్కల మీద జరిపిన పరీక్షలో దానివల్ల అదనపు మేలు లేదని 2016లో వెలువడిన ఫలితాలు చెప్పాయి. అంతకంటే ముఖ్యం, స్టెరాయిడ్‌నూ మెలాక్సికామ్ వంటి మందునూ కలిపి వాడితే కడుపులో పుండ్లు పడి పేగు చిల్లుపడే ప్రమాదం ఉంది. మొదట చూపించిన డాక్టర్ ఏ ఇంజెక్షన్ చేశాడో ఆ చీటీ దాచి, శస్త్రచికిత్స చేసే డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో మనుషులకు వాడే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు విషం. పాలు తాగే పిల్లకైనా, ముసలి కుక్కకైనా ‘సగం మాత్రే కదా’ అని వేయకూడదు. మనుషుల సిరప్‌లలో కొన్నింట తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అదీ కుక్కలకు ప్రాణాంతకమే.

మూత్రాశయం

నడవలేని కుక్క చాలాసార్లు తనంతట తాను మూత్రం పోయలేదు. ఇంటికి తీసుకెళ్లేముందు యజమాని ఆసుపత్రిలో తన చేత్తో, డాక్టర్ ఎదుట, మూత్రం తీయించడం నేర్చుకుని తీరాలి. చెప్పింది విని వచ్చేస్తే చాలదు. ఇంటికొచ్చాక రాత్రి పదకొండింటికి కుక్క పొట్ట బిగుసుకుపోయి ఉంటే ఫోన్లో నేర్పడం ఎవరివల్లా కాదు.

కుక్కను పక్కకు పడుకోబెట్టి గానీ, ఇంకొకరు పట్టుకుంటే నిలబెట్టి గానీ చేయవచ్చు. రెండు అరచేతులూ చాపి, పొట్టకు ఇరువైపులా, వెనక తొడల ముందు ఆనించాలి. వేళ్ల కొనలతో పొడవకూడదు. నెమ్మదిగా రెండు చేతులూ దగ్గరికి తెస్తే లోపల నీళ్లు నింపిన బెలూన్ చేతికి తగులుతుంది. అదే మూత్రాశయం. దాన్ని రెండు చేతుల మధ్య పట్టి, సమంగా, కొద్దిగా తోక వైపుకు ఒత్తుతూ ఆగాలి. మొదట ఏమీ రాదు. అప్పుడు బలం పెంచకుండా అదే ఒత్తిడి నిలిపి ఉంచితే బిగుసుకున్న కండరం వదులై సన్నగా ధార మొదలవుతుంది. ధార ఆగాక ఒక నిమిషం వదిలి మళ్లీ చూడాలి. బెలూన్ చేతికి దొరకకుండా పోయిందంటే ఖాళీ అయినట్టు. కుక్క పొట్ట బిగబట్టి ఎదురుతిరిగితే ఆపి, వీపు నిమిరి, మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి చేయాలి.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒక భ్రమ వల్ల. పడక తడిసి ఉంది కాబట్టి కుక్క మూత్రం పోసుకుంటోందనుకుంటారు. నిండి పొర్లిన మూత్రాశయం నుంచి కూడా కారుతుంది. ఎత్తినప్పుడు, పక్కకు తిప్పినప్పుడు బొట్లు బొట్లుగా పడుతుంటే అది పొర్లడమే. రోజుల తరబడి సాగిపోయిన మూత్రాశయం గోడలోని కండరం తర్వాత నరాలు బాగుపడినా ముడుచుకోలేకపోవచ్చు. లోపల మిగిలిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. స్పర్శ లేని కుక్కకు మంట తెలియదు, కాబట్టి అది ఏడవదు, ఫిర్యాదు చేయదు. మూత్రం చిక్కబడటం, దుర్వాసన, రక్తం చాయ, జ్వరం కనిపిస్తే మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలి.

అన్ని మూత్రాశయాలూ ఒకే తీరుగా ఉండవు. నడుము పైభాగంలో దెబ్బ తగిలితే మూత్రద్వారం కండరం బిగుసుకుని నొక్కినా రాదు. నడుము కింది భాగంలో దెబ్బ తగిలితే వదులైపోయి, తేలిగ్గా వస్తుంది, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. బిగుసుకున్నదాన్ని వదులు చేయడానికి ప్రాజోసిన్, డయాజిపామ్ వంటి మందులు డాక్టర్ రాస్తారు. ఎంత ప్రయత్నించినా ధార రాకపోతే బలవంతం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి ట్యూబ్ వేయించాలి.

మలం విషయంలో ఇంత కష్టం ఉండదు. అది చాలావరకు ప్రతిచర్యతో దానంతట అదే పడిపోతుంది. కుక్కకు తెలియకుండా పడుతుంది కాబట్టి వెంటనే శుభ్రం చేయడమే మనం చేయాల్సింది.

చర్మం, పడక, కదలిక

పడుకున్న చోటే పడుకున్న కుక్కకు తుంటి ఎముక, మోచేయి, చీలమండ దగ్గర చర్మం నలిగి పుండు పడుతుంది. మందంగా, తేలిగ్గా ఉతకగల పడక వేసి, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి పక్క మార్చాలి. పాత దుప్పటి కింద నురుగు పరుపు, పైన మూత్రం పీల్చే షీటు వేస్తే సరిపోతుంది. తడిసిన చోట గోరువెచ్చని నీళ్లతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాలి. తొడల లోపలి వెంట్రుకలు పొట్టిగా కత్తిరిస్తే శుభ్రం తేలిక. ఇది మన వాతావరణంలో మరీ ముఖ్యం. వేసవిలోనూ వానాకాలంలోనూ తడిసిన చర్మం మీద ఈగ వాలితే రెండు రోజుల్లో పుండుకు పురుగులు పడతాయి. పురుగు పట్టిన కుక్క వెన్ను బాగుపడే లోపే ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలు పశువైద్యశాలల్లో కొత్త కాదు.

బోను విశ్రాంతి అంటే ఇంట్లో చాలామందికి మనసు ఒప్పదు. కుక్కకు శిక్ష వేసినట్టు అనిపిస్తుంది. కానీ 4 నుంచి 6 వారాలు పరుగు, గెంతు, మెట్లు, మంచం ఎక్కడం ఏవీ ఉండకూడదు. బోను కుక్క లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉంటే చాలు. దాన్ని ఒంటరిగా వెనక గదిలో పెట్టకుండా మనుషులు మసలే హాల్లో, ఫ్యాన్ గాలి తగిలే చోట ఉంచాలి. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఎండాకాలంలో మూసిన బోను ప్రమాదం. కాపలా తగ్గించాలనిపించేది మూడో వారంలో, కుక్క కాస్త తూలుతూ లేచినప్పుడు. నొప్పి పోయి, హుషారు వచ్చి, వెన్ను ఇంకా కుదురుకోని సమయం అదే.

కుక్కను ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకొకటి పిరుదుల కింద పెట్టి, వెన్ను నేలకు సమాంతరంగా ఉంచాలి. ముందు కాళ్ల చంకల్లో చేతులేసి వేలాడదీస్తే బరువంతా కుట్టుపడిన నడుము మీద పడుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు పొడవాటి తువ్వాలు పొట్ట కింద నుంచి తీసి రెండు కొసలూ పైన పట్టుకుంటే వెనక భాగానికి ఆసరా అవుతుంది. కాళ్లు గాల్లో తేలేంత పైకి లాగకూడదు, పాదాలు నేలను తాకుతూ ఉండాలి. మగ కుక్క అయితే తువ్వాలు మూత్రద్వారాన్ని నొక్కకుండా చూసుకోవాలి. మెడకు పట్టీ బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడాలి.

టైల్స్ వేసిన నేల, పాలరాయి ఈ కుక్కలకు పెద్ద శత్రువు. బలం లేని వెనక కాళ్లు రెండు వైపులా జారిపోతాయి. బోను నుంచి గుమ్మం దాకా పాత జంపఖానానో యోగా మ్యాట్‌నో పరిస్తే కుక్కకు నేల పట్టు దొరుకుతుంది. పాదాల కింద పెరిగిన వెంట్రుకలు, గోళ్లు కత్తిరించడం కూడా పట్టు పెంచుతుంది.

తిండి తగ్గించాలి. నెల రోజులు కదలకుండా ఉన్న కుక్కకు మునుపటి కొలతలోనే పెరుగన్నం, పాలు, బిస్కెట్లు పెడితే బరువు పెరుగుతుంది, ఆ బరువు వెన్ను మీదే పడుతుంది. నేల నుంచి లేవలేని కుక్కను చూసి జాలితో పెట్టే చిరుతిండి దానికి మేలు చేయదు. పక్కటెముకలు చేత్తో తడిమితే తేలిగ్గా తగలాలి, అదే సరైన బరువుకు గుర్తు.

వ్యాయామం, ఖరీదైన యంత్రాలు

డాక్టర్ అనుమతించాక, సాధారణంగా మొదటి వారంలోనే, మెత్తటి వ్యాయామాలు మొదలవుతాయి. కుక్కను పక్కకు పడుకోబెట్టి వెనక కాలి ఒక్కో కీలునూ నొప్పి లేనంత మేర 10–15 సార్లు మడిచి చాపుతారు. తర్వాత కాలు మొత్తాన్ని సైకిల్ తొక్కించినట్టు తిప్పుతారు. పాదం వేళ్ల మధ్య గిలిగింతలు పెడితే కాలు ముడుచుకుంటుంది, అదీ కండరానికి పనే. బలం రాగానే నాలుగు కాళ్ల మీదా నిలబెట్టి, ఆసరా ఇస్తూ కొద్ది నిమిషాలు ఆపడం, తుంటిని అటూ ఇటూ మెల్లగా ఊపి బరువు మార్పించడం చేయిస్తారు. అలా రోజుకు రెండు మూడు సార్లు. కుట్లు మానాక నీళ్లలో నడిపించడం మంచిది, నీరు బరువును మోస్తుంది కాబట్టి బలహీనమైన కాలు కూడా అడుగు వేయగలదు.

నీటి ట్రెడ్‌మిల్, లేజర్, విద్యుత్ ప్రేరణ, ఆక్యుపంక్చర్ ఉన్న కేంద్రాలు ఇప్పుడు పెద్ద నగరాల్లో వచ్చాయి. అవి అందుబాటులో లేని ఇళ్లలో ‘మన కుక్కకు సరైన వైద్యం చేయించలేకపోతున్నాం’ అనే బెంగ పట్టుకుంటుంది. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2018లో ప్రచురించిన ఒక పరీక్షా ఫలితం ఆ బెంగకు నేరుగా జవాబు చెబుతుంది. డిస్క్ శస్త్రచికిత్స అయిన, స్పర్శ పూర్తిగా పోని కుక్కలను రెండు జట్లుగా చేసి, ఒకదానికి ఇలాంటి ప్రాథమిక వ్యాయామాలే చేయించారు, రెండోదానికి నీటి ట్రెడ్‌మిల్ సహా ముమ్మర చికిత్స ఇచ్చారు. రెండు జట్ల మధ్య కోలుకునే వేగంలోనూ, కోలుకున్న మేరలోనూ తేడా రాలేదు. ముమ్మర చికిత్స వల్ల హాని కూడా జరగలేదు. అవకాశం ఉన్నవాళ్లు చేయించవచ్చు. లేనివాళ్లు చేతులు, తువ్వాలు, ఓపికతో చేసేది తక్కువ వైద్యమేమీ కాదు. లోతు నొప్పి కూడా పోయిన కుక్కలకు ఈ ఫలితం వర్తిస్తుందని చెప్పలేం, వాటికి దీర్ఘకాల ఫిజియోథెరపీ వల్ల మేలు ఉండవచ్చు.

కోలుకునే వరుస

వెన్నుపాము దెబ్బతినేటప్పుడు పాదం ఎక్కడుందో తెలిసే జ్ఞానం ముందు పోతుంది, తర్వాత కదలిక, చివరికి లోతు నొప్పి. తిరిగి రావడం ఇందుకు తలకిందుగా ఉంటుంది. నొప్పి తెలుస్తుంది, ఆపైన తోక కదులుతుంది. పేరు పెట్టి పిలిచినప్పుడు తోక ఊగితే ఆ కదలికకు విలువ ఎక్కువ, ఎందుకంటే అది మెదడు నుంచి వచ్చింది. మూత్రం తీయించేటప్పుడు ఊగిన తోక ప్రతిచర్య కావచ్చు. తర్వాత తొడ కండరం బిగుస్తుంది, కాలు వణుకుతూ కొద్ది క్షణాలు బరువు మోస్తుంది, ఒకటి రెండు అడుగులు పడతాయి. పాదాన్ని సరిగా మోపడం అన్నిటికంటే చివరికి వస్తుంది. అందాకా పాదం వేళ్ల మీదికి మడత పడి, పైభాగం నేలకు రాచుకుపోతుంది. చర్మం ఊడి రక్తం రాకుండా మెత్తటి బూటో సాక్సో వేయాలి.

స్పర్శ ఉన్న కుక్కలు చాలావరకు 2 నుంచి 4 వారాల్లో నడుస్తాయి. స్పర్శ పోయి తిరిగి వచ్చినవాటికి నెలన్నర, రెండు నెలలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. నడక తూలుతూ మిగిలిపోవచ్చు, అప్పుడప్పుడు మూత్రం జారవచ్చు. వారానికొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో చిన్న వీడియో తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. రోజూ చూసే కళ్లకు కనిపించని మార్పు రెండు వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది, డాక్టర్‌కూ అది పనికొస్తుంది.

లోతు నొప్పి పోయిన కుక్కల్లో సుమారు 10 శాతానికి వచ్చే ఒక దారుణమైన స్థితిని దాచకుండా చెప్పాలి. దెబ్బ తగిలిన చోటు నుంచి వెన్నుపాము పైకీ కిందికీ మెత్తబడి కుళ్లుతూ పోతుంది. దీన్ని మైలోమలేషియా అంటారు. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో ఇది ఎక్కువ. మొదలయ్యేది ఎక్కువగా తొలి వారంలో, ఒక్కోసారి రెండు వారాల దాకా. అంతకుముందు బిగువుగా ఉన్న వెనక కాళ్లు మెత్తగా వేలాడతాయి, మలద్వారం వదులవుతుంది, పొట్ట కండరం జారుతుంది, స్పర్శ లేని హద్దు రోజురోజుకూ తల వైపు జరుగుతుంది, కుక్క అన్నం మాని అశాంతిగా మూలుగుతుంది. ఆ తర్వాత ముందు కాళ్లు, చివరికి ఊపిరి. దీనికి చికిత్స లేదు. ఊపిరాడక చావనివ్వకుండా, నొప్పి లేకుండా పంపేయమని డాక్టర్ చెబితే ఆ మాట వినడమే ఆ కుక్కకు చేయగల ఆఖరి సేవ. శస్త్రచికిత్స బాగా చేసినా, సంరక్షణ బాగా చేసినా ఇది రావచ్చు. అందులో ఎవరి తప్పూ ఉండదు.

నడవని కుక్కలు

నెలలు గడిచినా నొప్పి తెలియని కుక్క కొన్నిసార్లు ఒకరోజు లేచి నడుస్తుంది. స్పర్శ రాకుండానే వెన్నుపాము తన సొంత వలయాలతో అడుగులు వేయించే నడక ఇది. వంకరగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, మలుపుల్లో పడిపోతుంది, మూత్రం మీద అదుపు రాదు. అయినా కుక్క ఇల్లంతా తిరుగుతుంది.

అదీ రాని కుక్కలకు చక్రాల బండి ఉంది. కొలత సరిగ్గా ఉండాలి: నిలబడినప్పుడు వీపు చదునుగా ఉండి, ముందు కాళ్ల మీద అదనపు బరువు పడకూడదు. రోజుకు కొద్ది సమయంతో మొదలుపెట్టి పెంచాలి, బండిలోనే నిద్రపోనివ్వకూడదు. ఇంట్లో పాకేటప్పుడు కాళ్లు రాచుకోకుండా మందపాటి గుడ్డ సంచి తొడిగేవాళ్లున్నారు. రోజూ మూత్రం తీయించడం మాత్రం జీవితాంతం తప్పదు. దానికి ఇంట్లో కనీసం ఇద్దరికి చేయి తిరిగి ఉండాలి, ఒక్కరి మీదే పడితే ఆ మనిషి ఊరు కదలలేక కుంగిపోతాడు. వాహనం కింద పడి పూసలు విరిగిన వీధికుక్కల్లో లోతు నొప్పి పోయినవాటికి ఆశ చాలా తక్కువ. వాటిలో బండి మీద బతుకుతున్నవి కొన్ని ఉన్నాయంటే, రోజుకు మూడు పూటలా వాటి పొట్ట పట్టి చూసే మనుషులు ఉండటం వల్లనే.

పరిశోధకులు ఈ కుక్కలను మరచిపోలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 34 పెంపుడు కుక్కల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఏడాదికి పైగా వెనక కాళ్లు పడిపోయి ఉన్న కుక్కల ముక్కు లోపలి పొర నుంచి కణాలు తీసి, పెంచి, దెబ్బతిన్న వెన్నుపాములోకి ఎక్కించారు. ట్రెడ్‌మిల్ మీద వాటిలో చాలావాటికి ముందు వెనక కాళ్ల అడుగులు కలవడం మొదలైంది. మూత్రం మీద అదుపు, మెదడుతో పూర్తి సంబంధం మాత్రం తిరిగి రాలేదు. ఇది ఇంకా చికిత్సగా మారలేదు.

మళ్లీ రాకుండా

ఒకసారి డిస్క్ జారిన కుక్కకు ఇంకో డిస్క్ జారవచ్చు, ఎక్కువగా వేరే చోట. ఒళ్లు పెరగనివ్వకుండా చూడటం, మంచానికీ సోఫాకూ వాలు పలక పెట్టడం, మెట్ల దగ్గర ఎత్తుకెళ్లడం, రెండు కాళ్ల మీద నిలబడి అడుక్కునే ఆట మాన్పించడం ఇంట్లో చేయగలవి. వీటన్నిటికంటే మూలంలో చేయాల్సింది సంతానోత్పత్తి దగ్గర ఉంది. డెన్మార్క్, ఫిన్లాండ్ వంటి నార్డిక్ దేశాల్లో డాషండ్‌లకు 2 నుంచి 4 ఏళ్ల మధ్య వెన్ను ఎక్స్‌రే తీసి, సున్నం పట్టిన డిస్కులు ఎక్కువ ఉన్నవాటిని సంతానానికి వాడకుండా చూస్తున్నారు. మన దగ్గర డాషండ్ పిల్లను కొనేవాళ్లు తల్లిదండ్రులకు వెన్ను జబ్బు వచ్చిందా అని అడగడం ఇంకా అలవాటు కాలేదు. అడిగేవాళ్లు పెరిగితే తప్ప అమ్మేవాళ్లు పట్టించుకోరు.

వీపు వంచి నిలబడటం, ఎత్తుకుంటే కీచుమనడం, మెట్టు ఎక్కడానికి వెనుకాడటం, పాదం ఈడుస్తూ గోటి చప్పుడు చేయడం మళ్లీ కనిపిస్తే అది తొలి హెచ్చరిక. ఆ క్షణం నుంచే కుక్కను బోనులో ఉంచి, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. మొదటి శస్త్రచికిత్స నాటి స్కాన్, మందుల చీటీలు వెంట తీసుకెళ్లాలి.